యాది తప్పిన పెద్దలు



మా బాపమ్మ చేతులతో మొదలుపెడతాను. కోరుట్ల దగ్గర మా ఊళ్లో ఆమె నలభై ఏళ్లు బీడీలు చేసింది. చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. రాత్రి నానబెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచిన తునికాకును కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, వేళ్ల మధ్య చుట్టి, మూతి మడిచి, దారం తిప్పి పక్కన వేసేది. నోరు ఊరి ముచ్చట్లు చెబుతూనే ఉండేది, కళ్లు చాటలోకి చూసేవే కావు. డెబ్భై ఆరేళ్లు వచ్చేసరికి, పొద్దున తిన్నదో లేదో ఆమెకు తెలియకుండా పోయింది. నన్ను చూసి మా బాపు పేరు పెట్టి పిలిచేది. అప్పుడు కూడా చాట ఒళ్లో పెడితే చేతులు వాటంతట అవే నడిచేవి. దారం ఎన్ని చుట్లు తిప్పాలో వేళ్లు మరిచిపోలేదు.

సెప్టెంబరు 21 ప్రపంచ అల్జీమర్స్ దినం. 1994 నుంచి ఏటా జరుపుతున్నారు. ఆ సందర్భంగా నాకు ఇన్ని నిమిషాలు దొరికాయి కాబట్టి మనసులో ఉన్న మాట సూటిగా చెబుతాను. ఈ జబ్బును ఎదుర్కోవడానికి మన దేశానికి ఒక జాతీయ ప్రణాళిక కావాలి. ఆ ప్రణాళిక రాసేవాళ్లు మొదట కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో అరుగుల మీద కూర్చున్న ముసలమ్మలతో మాట్లాడాలి. ఎందుకో చెప్పే ముందు మా ఇంట్లో జరిగింది ఇంకాస్త చెప్పనివ్వండి.

పొద్దుగూకే వేళకు బాపమ్మ వాకిట్లో నిలబడేది. "ఇంక తినలే బిడ్డా, కోడలు బువ్వ పెట్టలే" అని దారిన పోయేవాళ్లందరికీ చెప్పేది. అరగంట ముందే మా అమ్మ ఆమె తిన్న కంచం కడిగి బోర్లించి ఉండేది. వాడకట్టులో మాట పాకింది. చుట్టాలు వచ్చి మా అమ్మకు బుద్ధులు చెప్పిపోయారు. అమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చింది. మేం తీసుకెళ్లిన మొదటి ఆస్పత్రిలో "ముసల్తనం గదా, ఇట్లనే ఉంటది" అని బలం గోలీలు రాసిచ్చారు. మూడేళ్లు ఆ గోలీలతోనే గడిచాయి. తర్వాత పట్నం తీసుకుపోతే, అక్కడ ఒక డాక్టరు గంటసేపు కూర్చోబెట్టి ఆమెతో మాట్లాడి, తల స్కానింగ్ చేయించి, అల్జీమర్స్ అని చెప్పారు. ఆ మాట విని మా అమ్మ ఊపిరి పీల్చుకుంది. జబ్బు పేరు విని ఊరట పొందిన మనిషిని నేను అదే మొదటిసారి చూశాను. తప్పు తనది కాదని ఎవరో ఒకరు చెప్పడానికి మూడేళ్లు పట్టింది మరి.

ఇంతకీ అల్జీమర్స్ అంటే ఏమిటి, డిమెన్షియా అంటే ఏమిటి? చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. జ్వరానికీ మలేరియాకూ ఉన్న సంబంధం లాంటిదే ఇది. జ్వరం మనకు పైకి కనిపించేది, దాని వెనక మలేరియా ఉండొచ్చు, టైఫాయిడ్ ఉండొచ్చు. డిమెన్షియా కూడా అంతే. జ్ఞాపకం, మాట, దారి పోల్చుకోవడం, లెక్క, వివేచన ఒక్కొక్కటిగా సడలిపోయి, రోజువారీ పనులకు ఇంకొకరి మీద ఆధారపడే స్థితి అది. దాని వెనక ఉన్న కారణాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. మెదడులో సన్నని రక్తనాళాలు పూడుకుపోవడం ఇంకో పెద్ద కారణం. మన దగ్గర బీపీ, షుగర్ ఎక్కువ కాబట్టి రెండూ కలిసి వచ్చేవాళ్లు తక్కువేం లేరు.

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆగస్టె డెటర్ అనే 51 ఏళ్ల ఆమెను ఆస్పత్రిలో చేర్చారు. అలాయిస్ అల్జీమర్ అనే డాక్టరు ఆమెను దగ్గరుండి గమనించి, అడిగినవీ ఆమె చెప్పినవీ రాసిపెట్టుకున్నాడు. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శిని కింద చూస్తే, కణాల మధ్య గడ్డకట్టిన మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఆ ఏడాది నవంబరులో ట్యూబింగెన్ నగరంలో వైద్యుల సభలో చెబితే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మచ్చలు అమిలాయిడ్ అనే ప్రోటీన్‌వి, పోగులు టౌ అనే ప్రోటీన్‌వి అని ఇప్పుడు తెలుసు. మరుపు పైకి కనిపించడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే ఇవి మొదలవుతాయనీ తెలుసు. కొత్త సంగతులను పదిలపరిచే హిప్పోక్యాంపస్ అనే భాగం తొలినాళ్లలోనే దెబ్బతింటుంది. అందుకే పొద్దున తిన్న బువ్వ యాదికి ఉండదు, రజాకార్ల నాటి రాత్రి మాత్రం నిన్నటిలా ఉంటుంది. చేతి పనులు దాగి ఉండే భాగాలు వేరు, అవి ఆలస్యంగా పాడవుతాయి. మా బాపమ్మ వేళ్ల రహస్యం అదే.

జబ్బు పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. మన వైపు జనం దీన్ని ఏమని పిలుస్తారు? మతిమరుపు అంటే తాళం చెవి పెట్టిన చోటు మరిచిపోయినంత తేలిక. చాదస్తం అంటే తిట్టు. పిచ్చి అంటే ఇక ఆ ఇంటికి సంబంధం కలుపుకోవడానికి కూడా జంకుతారు. నాకైతే మన పల్లెల్లో అనే "యాది తప్పింది" అన్న మాటే న్యాయంగా తోస్తుంది. దారి తప్పిన మనిషిని వెతికి ఇంటికి తెచ్చుకుంటాం, వెలివెయ్యం. పేరులో ఏముంది అనుకోకండి. జపాన్‌లో డిమెన్షియాకు వాడే పాత మాటలో మందబుద్ధి అనే నింద ధ్వనించేది. 2004లో ప్రభుత్వమే దాన్ని మార్చి, గ్రహించే శక్తికి సంబంధించిన జబ్బు అనే అర్థం వచ్చే కొత్త మాట తెచ్చింది. మరుసటి ఏడాది నుంచి మామూలు జనానికి, బ్యాంకు గుమాస్తాలకు, దుకాణదారులకు, బడిపిల్లలకు గంటన్నర పాఠం చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పటికి కోటి మందికి పైగా ఆ పాఠం విన్నారు. 2023లో డిమెన్షియా మీద ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు.

మన దేశం లెక్కకు వద్దాం. 1992లో కేరళలో డాక్టర్ జాకబ్ రాయ్ పూనికతో అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా మొదలైంది. ఆ సంస్థ 2010లో విడుదల చేసిన నివేదిక దేశంలో 37 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా కట్టింది. ఆ తర్వాత దేశమంతటా ఇళ్లకు వెళ్లి, పెద్దలను పరీక్షించి చేసిన పెద్ద అధ్యయనం లాసీ-డాడ్. హైదరాబాద్ నిమ్స్ కూడా అందులో పాలుపంచుకుంది. 2023లో వచ్చిన దాని ఫలితం ప్రకారం అరవై దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైగా, అంటే 88 లక్షల మంది ఈ జబ్బుతో ఉన్నారు. 2036 నాటికి ఈ సంఖ్య కోటీ 69 లక్షలు కావచ్చు. ఆ అధ్యయనంలో నన్ను ఆపేసిన సంగతి వేరే ఉంది. జబ్బు మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ. చదువుకున్నవాళ్లలో కన్నా చదువు లేనివాళ్లలో ఎక్కువ. పల్లెటూళ్లో పుట్టి, బడి ముఖం చూడని ఆడమనిషి అంటే ఎవరు? మా బాపమ్మ. మీ ఇంట్లో ఉన్న పెద్దమ్మ, అమ్మమ్మ. డిమెన్షియా ధనవంతుల జబ్బు, చల్లటి దేశాల జబ్బు అన్న మాట ఇంకా అక్కడక్కడా వినపడుతుంది. లెక్కలు దాన్ని ఎప్పుడో కొట్టిపారేశాయి.

ఇక ప్రణాళికల సంగతి. 2011 జనవరి 4న అమెరికాలో జాతీయ అల్జీమర్స్ ప్రాజెక్టు చట్టం మీద అధ్యక్షుడు ఒబామా సంతకం చేశారు. 2012లో మొదటి జాతీయ ప్రణాళిక వచ్చింది. అందులో మొట్టమొదటి లక్ష్యం, 2025 కల్లా అల్జీమర్స్‌ను నివారించడం, సమర్థంగా వైద్యం చేయడం. 2025 వచ్చింది, వెళ్లింది. లక్ష్యం నెరవేరలేదు. కానీ గడువు పెట్టుకున్నందువల్ల ఏం జరిగిందో చూడండి. 2011లో ఈ జబ్బు మీద అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు పరిశోధనకు పెట్టిన ఖర్చు దాదాపు 45 కోట్ల డాలర్లు. పదేళ్లు గడిచేసరికి అది ఏటా 300 కోట్ల డాలర్లు దాటింది. ప్రణాళికను ఏడాదికోసారి తిరగరాయాలి, ఎంతవరకు వచ్చిందో చట్టసభకు చెప్పాలి. సలహా మండలిలో శాస్త్రవేత్తలతో పాటు రోగులను చూసుకునే కుటుంబాల వాళ్లకూ కుర్చీ ఉంటుంది. 2024లో ఆ చట్టాన్ని 2035 వరకు పొడిగించారు. దక్షిణ కొరియాలో 256 డిమెన్షియా కేంద్రాలు పెట్టారు. పరీక్ష కోసం ఏ ముసలమ్మా రాజధాని దాకా పోనక్కరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఒక కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. 2025 నాటికి ప్రపంచంలో నూటికి 75 దేశాలు సొంత డిమెన్షియా విధానం చేసుకోవాలన్నది అందులో మొదటి లక్ష్యం. 2021లో చూసుకుంటే నాలుగింట ఒక వంతు దేశాలే చేసుకున్నాయి. చివరికి గడువును 2031కి పొడిగించారు. భారతదేశం ఇంకా తన జాతీయ డిమెన్షియా ప్రణాళిక ప్రకటించలేదు. మనకున్నవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది, జిల్లా ఆస్పత్రిలో వృద్ధులకు పది మంచాల వార్డు ఉండాలని అది చెబుతుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది. బీపీ, షుగర్ పరీక్షలు చేసే కార్యక్రమం వేరే ఉంది. యాది తప్పిన ముసలమ్మ ఈ మూడింటి మధ్య సందులో జారిపోతుంది. కేరళ మాత్రం 2014లోనే తన సొంత రాష్ట్ర కార్యక్రమం మొదలుపెట్టి, పగటిపూట పెద్దలను చూసుకునే కేంద్రాలు తెరిచింది. ఒక రాష్ట్రం పన్నెండేళ్ల కిందట మొదలుపెట్టగలిగిన పని దేశం చేయలేదంటే నేను నమ్మను.

ఇక పరిశోధన విషయానికి వస్తాను. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన జిల్లాలు ప్రపంచానికి నేర్పగలిగింది ఇక్కడే ఉంది.

1998లో కొచ్చిలో జరిగిన సమావేశంలో పరిశోధకులు ఒక బృందంగా ఏర్పడి, దానికి "10/66" అని పేరు పెట్టుకున్నారు. డిమెన్షియా ఉన్నవాళ్లలో నూటికి 66 మంది పేద, మధ్యాదాయ దేశాల్లో ఉంటే, పరిశోధనల్లో నూటికి పది కూడా వాళ్ల మీద జరగడం లేదని ఆ అంకెల అర్థం. అంటే మందులు, పరీక్షలు, నియమాలు అన్నీ వేరే జనాన్ని చూసి తయారయ్యాయి. చిన్న ఉదాహరణ చెబుతాను. జ్ఞాపకశక్తి పరీక్షల్లో "ఈ రోజు తారీఖు ఎంత, ఒక వాక్యం రాయండి, ఈ బొమ్మ చూసి గీయండి" అని అడుగుతారు. జీవితంలో పెన్ను పట్టని మనిషి అందులో తప్పితే అది జబ్బా, చదువు లేకపోవడమా? మా బాపమ్మకు జబ్బు రాకముందు కూడా ఇంగ్లీషు తారీఖు తెలియదు. ఏ పున్నమ తర్వాత ఎన్ని రోజులైందో, అంగడి ఇంకెన్ని రోజులకో మాత్రం చటుక్కున చెప్పేది. ఆమె పరీక్ష అంగడి రోజుతో మొదలు కావాలి. ఈ తిప్పలు తెలిసిన మన పరిశోధకులు 1990లలోనే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో, చదువురాని పెద్దలకు సరిపోయేలా హిందీలో ఒక పరీక్ష తయారుచేశారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి ఐదు భాషల్లో పరీక్షల పేటిక రూపొందించింది. వాటిలో తెలుగు ఉంది. గోండి లేదు, కొలామి లేదు.

ఇక్కడే హైదరాబాద్‌లో జరిగిన ఒక పరిశోధన సంగతి చెప్పాలి. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసి వినపడే నగరం కదా హైదరాబాద్. ఒకే భాష మాట్లాడేవాళ్లతో పోలిస్తే, రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు వల్ల వచ్చిన తేడా ఏమో అనే అనుమానం రావచ్చు. బడికే పోని రోగులను విడిగా చూశారు, వాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. 2013లో అచ్చయిన ఈ పరిశోధనను ప్రపంచమంతా చెప్పుకుంది. నాలుగున్నరేళ్లు వెనక్కి నెట్టగలిగిన మందు ఇప్పటిదాకా ఏ కంపెనీ తయారుచేయలేదు.

ఇప్పుడు ఉట్నూరు అంగడిలో ఒక ముసలమ్మను ఊహించుకోండి. ఇంట్లో గోండి మాట్లాడుతుంది. కూరగాయలు తెచ్చిన మరాఠా ఆమెతో మరాఠీ, బట్టల సేటుతో ఉర్దూ కలిసిన హిందీ, బస్సు కండక్టరుతో తెలుగు. పక్క గూడెం కొలాములతో వాళ్ల మాట కూడా కొంత. సంతకం రాదు, వేలిముద్రే. ఆమె మెదడు రోజుకు వంద సార్లు ఒక భాష లోంచి ఇంకో భాషలోకి దాటుతుంది. ఆ దాటడం ఆమెను ఎంతకాలం కాపాడుతుంది? బడిలో నేర్చిన రెండో భాషకూ, అంగడిలో నేర్చిన నాలుగో భాషకూ బలంలో తేడా ఉంటుందా? ఇంత తేటగా ఈ ప్రశ్న వేసుకోవడానికి వీలున్న చోట్లు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో ఉన్న మెదడు పరిశోధన కేంద్రం, తెలుగు విరివిగా వినపడే కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో నలభై ఐదేళ్లు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి గమనించే పని పెట్టుకుంది. రక్తం, స్కానింగ్, జ్ఞాపకం, నడక అన్నీ చూస్తారు. శ్రీనివాసపురలో జరిగే పని ఉట్నూరులో, ఆసిఫాబాద్‌లో ఎందుకు జరగకూడదు? జాతీయ ప్రణాళికలో పరిశోధన లక్ష్యాల పట్టికలో నేను మొదట చూడాలనుకునేది ఈ ఊళ్ల పేర్లే.

పెద్దల యాది పోతే ఏం పోతుందో ఆదిలాబాద్‌కు వేరే చెప్పాలా? నార్నూరు వైపు గుంజాల గ్రామంలో పాత గోండి లిపి రాతప్రతులు బయటపడినప్పుడు, వాటిని చదవగలిగిన పెద్దలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. వాళ్లు చదివి వినిపించారు కాబట్టే ఆ లిపి బతికింది, 2018లో కంప్యూటర్ల యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో ఎవరి తర్వాత ఎవరు, ఏ ఇంటిపేరు వాళ్లకు ఏ పని అని చెప్పేది పుస్తకం కాదు. పర్ధాన్లు కిక్రి వాయిద్యం మీద పాడే వంశకథలు ఏ లైబ్రరీలోనూ పూర్తిగా లేవు. అట్లాంటి ఒక్క పెద్దాయనకు జబ్బును తొలినాళ్లలో గుర్తుపట్టగలిగితే, ఆయన పాటను పదిలం చేసుకోవడానికి రెండు మూడేళ్లయినా చేతికి దొరుకుతాయి.

మందుల గురించి అడుగుతారు, చెప్పాలి. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ అనే మందులు చాలా ఏళ్లుగా ఉన్నాయి. కొందరికి కొంతకాలం మేలు చేస్తాయి, జబ్బును ఆపవు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ మెదడులోని అమిలాయిడ్‌ను తొలగిస్తుంది. తొలిదశ రోగుల్లో పద్దెనిమిది నెలల కాలంలో క్షీణతను నాలుగో వంతుకు కాస్త పైగా నెమ్మదింపజేసింది. దానికి మొదట్లో రెండు వారాలకోసారి సెలైన్ ఎక్కించాలి, మెదడు వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మళ్లీ మళ్లీ ఎంఆర్ఐ తీయాలి. ఉన్న ఆశను చిన్నబుచ్చను, కానీ ఆ మందు కోసం ఎదురుచూస్తూ కూర్చోమని ఎవరికీ చెప్పను. రక్తపరీక్షతోనే అల్జీమర్స్ గుర్తులు కనిపెట్టే పద్ధతికి 2025లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఇది మనకు ఎక్కువ ఉపయోగం. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో రక్తంలో టౌ ప్రోటీన్ మోతాదు అల్జీమర్స్ లేకపోయినా పెరిగి కనిపిస్తుంది. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు మన దగ్గర ఎంతమంది! మన జనం మీద సరిచూడకుండా ఆ అంకెలను యథాతథంగా వాడలేం.

ఇంకో సంగతి. మరుపు వచ్చిన ప్రతివాళ్లకూ అల్జీమర్స్ ఉన్నట్టు కాదు. బి12 తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, మనసు కుంగిపోయినా, జారిపడ్డప్పుడు తలలో రక్తం గడ్డకట్టినా ఇట్లాగే కనిపిస్తుంది. వీటిలో చాలావరకు నయమవుతాయి. "ముసల్తనం గదా" అని పంపించేస్తే నయమయ్యే మనిషి కూడా నయం కాకుండా పోతారు. పరీక్ష ముందు చేయాలి, తీర్పు తర్వాత చెప్పాలి.

2024లో లాన్సెట్ కమిషన్ పద్నాలుగు కారణాలను లెక్కపెట్టి, వాటిని అదుపు చేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో నూటికి 45 దాకా రాకుండా చూడొచ్చు, లేదా వాయిదా వేయొచ్చు అంది. ఆ పట్టిక చదువుతుంటే మన జిల్లాల పటం కళ్ల ముందు కదిలింది. వినికిడి తగ్గడం అందులో పెద్ద కారణం. సిరిసిల్లలో సాంచెల, అంటే మరమగ్గాల మధ్య నలభై ఏళ్లు నిలబడ్డ నేతకార్మికుడి చెవులు ఎట్లా ఉంటాయో ఆ షెడ్డులో ఐదు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. గోదావరిఖని, మందమర్రి గనుల్లో పనిచేసి దిగిపోయినవాళ్ల చెవులూ అంతే. వినపడని మనిషి ముచ్చట్లకు దూరమవుతాడు, ముచ్చట్లకు దూరమైన మనిషి మెదడుకు పని తగ్గుతుంది. చూపు తగ్గడం ఇంకో కారణం, అంటే సమయానికి చేసే శుక్లాల ఆపరేషన్ మెదడుకూ మేలు చేసేదే. బీపీ, షుగర్, పొగతాగడం, మద్యం, గాలి కాలుష్యం, ఒంటరితనం, చిన్నప్పుడు చదువు లేకపోవడం అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. బీపీ అదుపు కోసం దేశంలో మొదలైన కార్యక్రమానికి మొదట ఎంచుకున్న ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. నలభై ఏళ్ల కోడలు ఇవాళ వేసుకునే బీపీ గోలీ, ఆమె అరవై ఐదో ఏటి యాదికి కాపలా.

ఒంటరితనం అన్నాను. జగిత్యాల, నిర్మల్, సిరిసిల్ల పల్లెల్లో ఎన్ని ఇళ్లలో కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నాడో మీకు నేను చెప్పక్కరలేదు. తల్లికి జబ్బు మొదలైన సంగతి వీడియో కాల్‌లో తెలియదు. "బాగున్నవా అమ్మా" అంటే "మంచిగున్న బిడ్డా" అంటుంది. ఆ మాట చిట్టచివరి దాకా నిలుస్తుంది. ఇంట్లో ఉన్న కోడలికి తెలుస్తుంది, ఆమె మాట ఎవరూ నమ్మరు. ఆ కోడలే పొద్దంతా బీడీలు చేయాలి, పిల్లలను బడికి పంపాలి, రాత్రి అత్త గొళ్లెం తీసుకుని బయటికి పోకుండా చెవి ఒగ్గి పడుకోవాలి. వెయ్యి బీడీలు చేసే చెయ్యి ఐదు వందలకు దిగుతుంది. ఆ పోయిన కూలిని ఏ లెక్కల్లోనూ రాయరు. చూసుకునే మనిషికి భృతి, నెలకు రెండు రోజులైనా విడుపు, ఎట్లా చూసుకోవాలో నేర్పే శిక్షణ లేని ప్రణాళికను నేను ప్రణాళిక అననే అనను.

పని మొదలుపెట్టడానికి కావలసినవి మన దగ్గర లేవని కాదు. 2016లో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోయాయి. ఇప్పుడు ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉంది. నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్, కరీంనగర్, జగిత్యాల, రామగుండం, సిరిసిల్ల అన్నింటిలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. పదేళ్ల కిందట పట్నం దాకా పోవాల్సిన పరీక్ష ఇవాళ బస్సులో గంట దూరంలో చేయొచ్చు. ఒక్కో కాలేజీలో వారానికి ఒక్క రోజు యాది క్లినిక్ పెట్టమనండి. మా బాపమ్మతో మాట్లాడిన డాక్టరులా గంటసేపు కూర్చునే ఓపిక ఉన్న మనిషి ఒక్కరు చాలు. బీపీ చూడడానికి ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త చేత నాలుగు ప్రశ్నలు అడిగించండి. దారి తప్పుతున్నారా, వంట మధ్యలో మరిచిపోతున్నారా, పింఛను పైసలు లెక్కపెట్టుకోగలుగుతున్నారా, ఇంట్లోవాళ్ల మీద లేనిపోని అనుమానాలు పడుతున్నారా? ఆ ప్రశ్నలు తెలుగులో, గోండిలో, లంబాడీలో, ఉర్దూలో ఉండాలి. అవసరమైనవాళ్లు ఇవాళే రాసిపెట్టుకోండి. పెద్దల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ నంబరు 14567. మనసుకు సంబంధించిన ఏ సమస్యకైనా టెలీమానస్ నంబరు 14416. రెండూ ఉచితం.

మళ్లీ మా ఇంటికి వస్తాను. బాపమ్మకు సాయంత్రం అయ్యేసరికి తల్లిగారింటికి పోవాలనిపించేది. చీరెలు మూటకట్టుకుని గడప దాటేది. ఒకసారి కోరుట్ల బస్టాండు దాకా పోయింది. తెలిసినవాళ్లు చూసి తీసుకొచ్చారు. ఆమె తల్లిగారి ఊరు దిగువ మానేరు డ్యాం కింద మునిగిపోయి అప్పటికే ముప్పై ఏళ్లు. మేం ప్రతిసారీ నిజం చెప్పేవాళ్లం. "ఆ ఊరు లేదు బాపమ్మా, నీళ్ల కింద పోయింది, మీ అవ్వ, మీ బాపు ఎప్పుడో సచ్చిపోయిండ్రు" అని. ఆమె ఆ కబురు ప్రతిసారీ కొత్తగా వినేది. ప్రతిసారీ అప్పుడే పోయినట్టు శోకం పెట్టి ఏడ్చేది. రోజూ ఒక చావు వార్త చెప్పి మేం ఆమెను ఏడిపించామని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ జబ్బు మనిషితో వాదించొద్దని, ఆమె ఉన్న చోటికే మనం వెళ్లాలని మాకు ఎవరూ చెప్పలేదు. జపాన్‌లో గంటన్నరలో చెప్పే పాఠం అది.

అమ్మ తనంతట తానే కనిపెట్టింది. ఒక సాయంత్రం బాపమ్మ మూటతో గడప దగ్గర నిలబడితే, అమ్మ చేతిలో పని పక్కన పెట్టి లేచింది. మూట అందుకుంది. "పోదాం పా అత్తమ్మా. ఇంత దూరం పోవాలె గదా, జెర బువ్వ తిని పోదాం. మీ తల్లిగారి వాకిట్ల ఏం చెట్టుండె?" అని అడిగింది. బాపమ్మ మూట సంగతి మరిచిపోయి అరుగు మీద కూర్చుంది. చింతచెట్టు అని చెప్పింది. దాని కింద ఎవరెవరు ఆడుకునేవాళ్లో ఒక్కొక్క పేరే చెబుతూ పోయింది. అమ్మ ముద్దలు కలిపి పెడుతూ వింటూ కూర్చుంది.